అప్పజెప్పిన చదువు

సంచిక కమిటీ మిత్రులు నన్ను అడిగింది ఒకటి, నేను రాస్తున్నది ఇంకొకటి. "పదో తరగతి పిల్లలకు పనికొచ్చేట్టు, పరీక్షల్లో మంచి మార్కులు తెచ్చుకునే మెళకువలు నాలుగు రాయండి సార్" అన్నారు. ముప్పై ఏళ్లకు పైగా సాంఘికశాస్త్రం చెప్పి రిటైరైనవాణ్ణి మెళకువలు అడిగితే చరిత్ర చెప్తాడు. అయితే ఈ చరిత్రలో మెళకువ ఉంది. నాలుగు లేవు గానీ ఒకటుంది. దానికి మన భాషలో ఎప్పటినుంచో పేరు కూడా ఉంది: అప్పజెప్పడం.

తాళాలు అప్పజెప్తాం. పిల్లను అత్తవారికి అప్పజెప్తాం. పాఠం అప్పజెప్తాం. మన దగ్గర లేనిదాన్ని అప్పజెప్పలేం కదా! అందుకే పుస్తకం మూసి, ఎదురుగా ఒక మనిషిని కూర్చోబెట్టుకుని, నేర్చుకున్నది నోటితో చెప్పడానికి ఈ మాట వచ్చిందనుకుంటాను. బట్టీ పట్టడం వేరు. బట్టీకి ఎదురుగా ఎవరూ అక్కర్లేదు, పుస్తకం మూయనూ అక్కర్లేదు. ఈ రెండింటినీ ఒకటే అనుకోవడం వల్ల మన చదువులకు చాలా నష్టం జరిగిందని నా అభిప్రాయం.

మన జిల్లాలో బడి ఎలా నడిచేదో చెప్పే పాత కాగితం ఒకటుంది. 1822లో మద్రాసు గవర్నరు థామస్ మన్రో, రాజధానిలోని దేశీయ బడుల లెక్క తీయమని కలెక్టర్లందరినీ అడిగాడు. ఈ మన్రో మనవాళ్లు మరిచిపోని మన్రోనే. దత్తమండలాలకు మొదటి ప్రధాన కలెక్టరుగా ఉండి, తర్వాత గవర్నరయ్యాడు. అప్పటికి అనంతపురం వేరే జిల్లా కాదు, బళ్ళారిలో భాగం. 1882లో గానీ విడిపోలేదు. బళ్ళారి కలెక్టరు ఏ.డి. క్యాంప్‌బెల్ 1823 ఆగస్టులో పంపిన జవాబు అన్ని జిల్లాల జవాబుల్లోకీ వివరమైనది. జిల్లా మొత్తం మీద 533 బడులు, 6,641 మంది పిల్లలు. ఆ బడుల్లో తెలుగువి 226. ఆడపిల్లలు 60 మందే.

ఆ నివేదికలో ఒక వర్ణన నేను ప్రతి ఏడూ తరగతిలో చెప్పేవాణ్ణి, పిల్లలు ప్రతి ఏడూ నవ్వేవాళ్లు. పొద్దున ఆరింటికి బడి. అందరికంటే ముందు వచ్చినవాడి అరచేతిలో సరస్వతి పేరు రాస్తారు, అది గౌరవం. రెండోవాడికి సున్న చుడతారు. వాడికి మెప్పూ లేదు, తిట్టూ లేదు. మూడోవాడికి మెల్లగా ఒక దెబ్బ. నాలుగోవాడికి రెండు. ఆ తర్వాత వచ్చినవాళ్లకు ఒక్కొక్కటీ పెరుగుతుంది. (ఆఖరున వచ్చేవాడు అసలు బడికి ఎందుకొచ్చేవాడో నాకు ఇప్పటికీ అర్థం కాదు.) పిల్లలు వేలితో ఇసుకలో అక్షరాలు దిద్దేవారు. పెద్ద పిల్లలు చిన్నవాళ్లకు పాఠం చెప్పి, తిరిగి వాళ్ల చేత చెప్పించుకునేవారు.

క్యాంప్‌బెల్ ఈ బడుల్ని నెత్తిన పెట్టుకోలేదు. పిల్లలు చదివే పద్యాల భాష వాళ్లు ఇంట్లో మాట్లాడే భాష కాదని, పద్యం గడగడా చెప్పగలిగినవాడికి దాని అర్థం తెలియదని గట్టిగానే రాశాడు. ఆ మాట నిజం. మన తరం దాకా నిజమే. కానీ అదే కాగితంలో ఇంకో సంగతి మెచ్చుకున్నాడు. ముందున్న పిల్లలు వెనకున్నవాళ్లకు చెప్పడం వల్ల చెప్పేవాళ్ల చదువు కూడా గట్టిపడుతుందని, ఇంగ్లండు ఈ పద్ధతిని అనుకరించడం సబబేనని అన్నాడు.

అనుకరించింది ఎలాగంటే, మద్రాసులో సైనికుల అనాథ పిల్లల శరణాలయానికి 1789లో ఆండ్రూ బెల్ అనే పాదిరీ సూపరింటెండెంటయ్యాడు. ఇసుకలో రాయించే ఒక దేశీయ బడిని చూసి, ఆ పద్ధతిని తన బడిలో పెట్టాడు. పెద్ద పిల్లల చేత చిన్నపిల్లలకు చదువు చెప్పించాడు. 1797లో లండన్‌లో దాని మీద చిన్న పుస్తకం వేస్తే, ఆ పద్ధతికి మద్రాసు పద్ధతి అనే పేరే స్థిరపడింది. ఇంగ్లండులో వేల మంది పేదపిల్లలు అలా చదువుకున్నారు. మన వీధిబడి పంతులుకు ఆ సంగతి తెలిసే దారి లేదు.

పరీక్ష ఆ తర్వాత వచ్చింది. వీధిబడిలో ఏడాదికోసారి కూర్చుని రాసే పరీక్ష లేదు, రోజూ అప్పజెప్పడమే పరీక్ష. 1857లో మద్రాసు విశ్వవిద్యాలయం ఏర్పడి మెట్రిక్యులేషన్ పరీక్ష మొదలయ్యాక కథ మారింది. ఎక్కడో కూర్చున్న ముఖం తెలియని మనిషి ప్రశ్న వేస్తాడు. ఇంకెక్కడో కూర్చున్న ముఖం తెలియని మనిషి దిద్దుతాడు. చిన్న బడుల్లో ఇంకో చిత్రం జరిగింది. పందొమ్మిదో శతాబ్దం రెండో సగంలో, ఇన్‌స్పెక్టరు వచ్చి పరీక్షించినప్పుడు ఎంతమంది పిల్లలు పాసైతే దాన్నిబట్టి గ్రాంటు ఇచ్చే పద్ధతి మద్రాసు రాజధానిలో నడిచింది. పంతులుగారి ఇంట్లో పొయ్యి వెలగడం పిల్లవాడి నోట్లోని జవాబు మీద ఆధారపడితే ఏమవుతుందో చెప్పక్కర్లేదు. ఇన్‌స్పెక్టరు అడగబోయే పేజీలే పాఠాలయ్యాయి. ముఖ్యమైన ప్రశ్నలు అనే జబ్బుకు పుట్టిల్లు అదే. మన కాలంలోని గైడ్లనూ కార్పొరేట్ కాలేజీలనూ ఊరికే ఆడిపోసుకుంటాం గానీ, ఆ జబ్బు వాటికంటే చాలా పాతది.

ఇరవయ్యో శతాబ్దం మొదట్లో మద్రాసు రాజధానిలో మెట్రిక్యులేషన్ స్థానంలోకి ఎస్.ఎస్.ఎల్.సి. వచ్చింది. మన తండ్రుల తరం ఆరో ఫారం దాకా చదివి రాసింది ఇదే. దాని సర్టిఫికెట్టు ఒక చిన్న పుస్తకంలా ఉండేది. అందులో పబ్లిక్ పరీక్ష మార్కులతో పాటు బడిలో జరిగిన పరీక్షల మార్కులూ ఎక్కించేవారు. ఏడాదంతా పిల్లవాడు ఏం చేశాడో కూడా చూడాలన్నది ఆ పుస్తకం ఉద్దేశం. జనానికి మాత్రం ఆఖరి పేజీ ఒక్కటే కనిపించింది.

స్వాతంత్ర్యం వచ్చాక ఈ పరీక్షల మీద పెద్దలు కూర్చుని చాలా ఆలోచించారు. అంతకుముందు ఆంధ్ర విశ్వకళాపరిషత్తుకు ఉపాధ్యక్షుడిగా పనిచేసిన సర్వేపల్లి రాధాకృష్ణన్ అధ్యక్షతన 1948-49లో విశ్వవిద్యాలయ విద్యా సంఘం పనిచేసింది. ఒకే ఒక్క సంస్కరణ సూచించమంటే పరీక్షల సంస్కరణే సూచిస్తామని ఆ సంఘం తేల్చింది. 1952-53లో లక్ష్మణస్వామి మొదలియార్ నాయకత్వాన వచ్చిన మాధ్యమిక విద్యా సంఘం, పెద్ద వ్యాసాల ప్రశ్నలతో పాటు చిన్న ప్రశ్నలు పెట్టమంది, అంకెల మార్కుల బదులు గ్రేడుల లాంటి గుర్తులు వాడమంది. మన రాష్ట్రంలో పదో తరగతికి గ్రేడులు వచ్చింది 2012లో. మంచి సలహా మన దగ్గరకు నడిచి రావడానికి అరవై ఏళ్లు పట్టింది. 1958 ప్రాంతంలో చికాగో నుంచి బెంజమిన్ బ్లూమ్ వచ్చి ఇక్కడి పరీక్షాధికారులకు ప్రశ్నలు తయారుచేయడంలో శిక్షణ ఇచ్చాడు. పరీక్ష ఆఖరి అరగంటలో పార్ట్-బి అని చేతికిచ్చే బిట్ పేపరును చూసి భయపడ్డ ప్రతివాడూ దాని వంశవృక్షంలో చికాగో కూడా ఉందని తెలుసుకోవాలి.

ఇక మన కాలం. డెబ్బైల తొలినాళ్లలో రాష్ట్రంలో డిటెన్షన్ ఎత్తేశారు. ఏడో తరగతి కామన్ పరీక్ష ఒకటి మధ్యలో ఉన్నా, అసలు గోడ పదోతరగతే. తొమ్మిదేళ్లు గోడ లేకుండా నడిచి వచ్చి పదోయేట గోడకు తగులుకునేవాళ్లం. మా బ్యాచ్‌లో సగానికి పైగా తగులుకున్నారు. పేపర్లో నెంబర్లు వచ్చిన రోజు బస్టాండు దగ్గర ఒక్క పేపరు చుట్టూ ఇరవై మంది మూగడం, నెంబరు లేనివాడు మాట్లాడకుండా గుంపులోంచి జారుకోవడం, మన సంఘంలో ఆ వయసువాళ్లందరికీ గుర్తుండే ఉంటుంది. సెప్టెంబరులో మళ్లీ కట్టినవాళ్లు కొందరు. కట్టనివాళ్లు శనక్కాయ చేలకు, గ్యారేజీలకు, బెంగుళూరుకు పోయారు. వాళ్లలో తెలివి తక్కువవాళ్లు ఎవరూ లేరు. నాకు తెలిసినంతలో వాళ్లకు తక్కువైంది ఒకటే. సాయంత్రం ఇంటికి పోతే, పుస్తకం పట్టుకుని "ఏదీ చెప్పు" అనేవాళ్లు ఇంట్లో లేరు.

మన బడిలో ఆ లోటు కొంత తీర్చింది నైట్ స్టడీ. జనవరి నుంచి పరీక్షల దాకా రాత్రి పూట బడిలోనే చదువు, అక్కడే నిద్ర. లెక్కల మాస్టారు ఒక కిటుకు చేసేవారు. సిద్ధాంతం బోర్డు మీద సగం దాకా రాసి, చాక్‌పీసు వెనక బెంచీవాడి చేతికిచ్చి బయటికి వెళ్లిపోయేవారు. వాడు రాయలేకపోతే ముందు బెంచీవాడు చెప్పాలి, కానీ చాక్‌పీసు ముట్టుకోకూడదు. వెనకవాడే రాయాలి. తెలుగు అయ్యవారు పద్యాన్ని మొదటినుంచి అడిగేవారు కాదు. మూడో పాదం తను చెప్పి "ముందేంది, వెనకేంది?" అనేవారు. శనివారం స్లిప్ టెస్టు. అరఠావు కాగితం మీద ఐదు ప్రశ్నలు, అందులో రెండు పోయిన నెల పాఠంలోవి. ఎందుకు సార్ అయిపోయిన పాఠం అంటే, "అయిపోయిందో లేదో చూద్దామని" అనేవారు.

వాళ్లెవరూ మనస్తత్వశాస్త్రం పరిశోధకులు కారు. కానీ అక్కడ పరిశోధన చేసినవాళ్లు ఏం కనుక్కున్నారో చూడండి. 1885లో జర్మనీలో ఎబ్బింగ్‌హౌస్ అర్థంలేని అక్షరాల ముక్కలు వేలకొద్దీ తనే కంఠస్థం చేసి, తనే ఎంత మరిచిపోతున్నాడో లెక్కగట్టాడు. మరుపు మొదటి గంటల్లోనే ఎక్కువగా జరుగుతుందని, విడతలు విడతలుగా చదివితే తక్కువ శ్రమతో నిలుస్తుందని తేల్చాడు. 1917లో అమెరికాలో ఆర్థర్ గేట్స్ బడిపిల్లలకు కొంత సమయమిచ్చి, అందులో కొంత భాగం చదవమని, మిగతా భాగం పుస్తకం చూడకుండా అప్పజెప్పుకోమని చెప్పాడు. సమయంలో సగానికి పైగా అప్పజెప్పుకోవడానికే వాడిన పిల్లలకు ఎక్కువ గుర్తుంది. 1939లో స్పిట్జర్ అయోవా రాష్ట్రంలో 3,605 మంది ఆరో తరగతి పిల్లలకు వెదురు గురించి ఒక వ్యాసం చదివించాడు. చదివిన వెంటనే ప్రశ్నలడిగిన పిల్లలకు, వారాల తర్వాత కూడా విషయం మిగిలింది.

2006లో రోడిగర్, కార్పికీ అనే ఇద్దరు చేసిన ప్రయోగం ఇంకా సూటిగా ఉంటుంది. విద్యార్థుల్లో కొందరు ఒక పాఠాన్ని రెండుసార్లు చదివారు. మరికొందరు ఒకసారి చదివి, రెండోసారి పుస్తకం చూడకుండా గుర్తున్నదంతా రాశారు. ఐదు నిమిషాల తర్వాత అడిగితే రెండుసార్లు చదివినవాళ్లదే పైచేయి: 81 శాతం, 75 శాతం. వారం తర్వాత అడిగితే తిరగబడింది: చదివినవాళ్లకు 42 శాతం మిగిలింది, చూడకుండా రాసినవాళ్లకు 56 శాతం. ఈ లెక్క ప్రతి పదో తరగతి గది గోడ మీదా రాయించాలని నాకు కోరిక. పరీక్ష ముందురోజు రాత్రి పుస్తకం తిరగేస్తే అన్నీ వచ్చినట్టే ఉంటుంది. ఐదు నిమిషాల లెక్క ప్రకారం అది నిజమే. మార్చిలో అడిగేది వారాల లెక్క, నెలల లెక్క.

మన అవధానులు ఈ సంగతి చదువుకోకుండానే ఎరుగుదురు. అష్టావధానంలో పద్యం ఒక్క ఊపున పూర్తికాదు. ఒక్కో పృచ్ఛకుడికి ఒక్కో పాదం చెప్పి, మధ్యలో గంటలు లెక్కపెట్టి, అప్రస్తుత ప్రసంగానికి చమత్కారంగా జవాబిచ్చి, మళ్లీ వెనక్కి వచ్చి రెండో పాదం అందుకుంటారు. ఆఖరున ధారణ. అన్ని పద్యాలూ సభకు అప్పజెప్పడమే ధారణ.

అక్షరం అక్షరం వల్లించి ప్రశ్న కొంచెం మారగానే తెల్లమొహం వేసే పిల్లవాణ్ణి చూపించి, అప్పజెప్పడం అంటే ఇదే కదా అనేవాళ్లున్నారు. క్యాంప్‌బెల్ ఫిర్యాదు అదే. కాబట్టి ఎలా అప్పజెప్పించుకుంటున్నామన్నది ముఖ్యం. ప్రశ్న మార్చి అడగాలి. "సొంత మాటల్లో చెప్పు" అనాలి. సాంఘికంలో "సహాయ నిరాకరణ ఎందుకు ఆగింది?" అని అడిగితే చౌరీచౌరా, 1922 అని చెప్పినవాడిని, "మరి గాంధీ ఆపకపోతే?" అని ఇంకోటి అడగాలి. అప్పుడు నోట్లోంచి పాఠం కాకుండా పిల్లవాడు బయటికొస్తాడు. గైడు ఈ పని చేయలేదు. గైడులో ప్రశ్నా జవాబూ ఒకే పేజీలో ఉంటాయి, కన్ను జవాబు మీద పడ్డాక మెదడు వెతకడం మానేస్తుంది. గైడు వాడొద్దని నేనెవరికీ చెప్పలేదు. జవాబు మీద అట్ట పెట్టి వాడమన్నాను.

పరీక్ష హాల్లో మెళకువలు కొన్ని ఉన్నాయి గానీ, వాటికి ఒక పేరా చాలు. ప్రశ్నపత్రం మొదట పూర్తిగా చదవడం, బాగా వచ్చినదాంతో మొదలుపెట్టడం, ప్రశ్న నెంబరు సరిగ్గా వేయడం, మార్జిను వదలడం, మ్యాపు ప్రశ్న వదలకపోవడం. స్పాట్ వాల్యుయేషన్‌లో ఏళ్లు కూర్చున్నవాణ్ణి కాబట్టి చెప్తున్నాను, చదవగలిగిన దస్తూరి చూస్తే దిద్దే మనిషి ప్రాణం లేచొస్తుంది. అంతకుమించి రహస్యాలు అక్కడ లేవు. రాత్రి మేల్కొనడం కంటే తెల్లవారుజామున లేవడం మేలంటారు. ఎప్పుడు లేచినా సరే, నిద్ర మాత్రం తగ్గించకూడదు.

గత పదిహేనేళ్లలో పరీక్షే చాలాసార్లు మారింది. గ్రేడులు వచ్చాయి, నిరంతర మూల్యాంకనం వచ్చింది, ఇంటర్నల్ మార్కులు వచ్చి పోయాయి. 2019లో ఆంధ్రప్రదేశ్‌లో పదోతరగతి ఉత్తీర్ణత దాదాపు 95 శాతం. కరోనా వల్ల 2020, 2021లో పరీక్షలే జరగలేదు, అందరూ పాస్. 2022లో మళ్లీ మార్కులతో పరీక్ష పెడితే ఉత్తీర్ణత 67 శాతానికి పడిపోయింది. ఆరు లక్షల పైచిలుకు రాస్తే రెండు లక్షల మంది తప్పారు. కారణాలు పేపర్లు తగ్గడంలో వెతికారు, ఇంటర్నల్ మార్కులు పోవడంలో వెతికారు. రెండూ ఉన్నాయి. కానీ ఆ పిల్లలు ఎనిమిది, తొమ్మిది తరగతుల్లో ఉండాల్సిన కాలంలో బడులు చాలా నెలలు మూతపడ్డాయి. ఫోనులో పాఠం విన్నారు, కొందరికి ఫోనూ లేదు. విన్నది తిరిగి చెప్పించుకునే మనిషి ఎవరికీ లేడు. ఆ ఏడాది ఫలితాల రోజు మన ఊళ్లో కొన్ని ఇళ్లలో ఎంత భయం నడిచిందో, రాత్రంతా పిల్లల్ని కనిపెట్టుకుని కూర్చున్న తల్లిదండ్రులకు తెలుసు. జులైలోనే సప్లిమెంటరీ పెట్టడం వల్ల చాలామందికి ఏడాది దక్కింది. మన తరంలాగా సెప్టెంబరు దాకా తల దించుకుని తిరగాల్సిన పని లేకపోయింది.

ఇంతా రాసింది మన సంఘం చేసే ఒక పని గురించి అడగడానికే. ఏటా జనవరిలో పదోతరగతి పిల్లలందరికీ ఆల్ ఇన్ వన్ గైడు, పరీక్ష అట్ట, రెండు పెన్నులు ఇస్తున్నాం. ఫోటో తీయించుకుంటున్నాం. అట్టా పెన్నులూ ఇద్దాం. గైడు బదులు మనుషుల్ని ఇద్దామని నా ప్రతిపాదన. ఊళ్లో ఉన్న సభ్యులం, రిటైరైనవాళ్లం, సగం పొద్దు ఖాళీగా ఉండేవాళ్లం ముప్పై మందికి తక్కువ లేం. నవంబరు నుంచి మార్చి దాకా, సాయంత్రం ఐదు నుంచి ఆరున్నర వరకు, ఒక్కొక్కరి ముందు నలుగురు పిల్లలు. మనం పాఠం చెప్పక్కర్లేదు. చెప్పడానికి అయ్యవార్లున్నారు. పుస్తకం మన చేతిలో పెట్టుకుని అడగడమే పని. లెక్కలు రానివాళ్లు కూడా చేయొచ్చు. జవాబు పుస్తకంలో ఉంటుంది, పిల్లవాడు దానికి ఎలా వచ్చాడో మనకు అర్థమయ్యేదాకా చెప్పించుకుంటే చాలు. మనకు అర్థం కాకపోతే ఇంకా మంచిది, వాడు ఇంకోసారి చెప్తాడు. తొమ్మిదో తరగతివాళ్లను పదివాళ్ల దగ్గర కూర్చోబెడితే క్యాంప్‌బెల్ మెచ్చుకున్న పద్ధతి కూడా వచ్చినట్టే.

హెడ్మాస్టరుగారితో మాట్లాడాను. పాత సైన్సు ల్యాబు పక్క రెండు గదులు ఇస్తామన్నారు, ట్యూబులైట్లు మనం వేయించుకోవాలి. మంగళవారం, శుక్రవారం నేను వస్తాను. మిగతా రోజులకు పేర్లు ఇవ్వదలచినవాళ్లు స్వర్ణోత్సవం రోజు భోజనాల దగ్గర నన్ను కలిస్తే రాసుకుంటాను.